కొండ ఊర్ల నేను బంద్ చేసిన నల్లాలు

నల్లా కారుతుంటే నేను ఊకుండలేను. ఇది జబ్బా అలవాటా అంటే నాకే తెల్వది. దుబాయ్‌ల జెబెల్ అలీ లేబర్ క్యాంపుల నన్ను పేరు పెట్టి పిలిచినోళ్లు తక్కువ, "నల్లా పోలీస్ వస్తుండురా" అని నవ్వినోళ్లే ఎక్కువ. నవ్వితే నవ్విండ్రు. కరోనా ఏడాది గేటుకు తాళమేసి మమ్ముల లోపటనే ఉంచినప్పుడు, నీళ్ల ట్యాంకర్ ఒక్కోనాడు పొద్దుగూకినా రాకపోతుండె. చేతులకు సబ్బు రాసుకొని నల్లా తిప్పితే గాలి సప్పుడు తప్ప చుక్క రాదు. గంటగంటకు చేతులు కడుక్కోవాలెనని గోడలకు బొమ్మలు అతికిచ్చిండ్రు, కడుక్కోనీకి నీళ్లేవి? ఆ దినాలు చూసినంక, ఎవడన్న పండ్లు తోముకుంట నల్లా ఇడిచిపెట్టి ముచ్చట పెడితే నా ఒళ్లు మండేది. "ఏందిరా, నీ అయ్య జాగీరా?" అని ఒర్రుకుంట పోయి బంద్ చేసెటోన్ని. కోపం నాకు ముక్కు మీదనే ఉంటది, దాచుడెందుకు.

పని గూడ నాకు అసొంటిదే దొరికింది. మాది పంపులు తయారుచేసే జపాన్ కంపెనీ, ఫ్రీజోన్ అనే ఫ్యాక్టరీల జాగల పెద్ద షెడ్డు. తయారైన పంపుల నీళ్లు నింపి, ప్రెషర్ పెట్టి, ఎక్కడన్న కారుతుందా అని చూసుడు నా డ్యూటీ. లైటు కొట్టి చూస్తం, వేలుతోని తడిమి చూస్తం. జరంత చెమ్మ తగిలినా ఆ పంపు వెనుకకే. పదకొండేండ్ల సంది చెమ్మ ఎక్కడ ఉన్నదా అని వెతికినోనికి కారే నల్లా కనబడితే ఎట్లుంటదో మీరే చెప్పుండ్రి.

ఈ పదకొండేండ్లు నేను క్యాంపుల, మా ఇంటామె జగిత్యాల దిక్కు ఊర్లె. బిడ్డ పుట్టిన్నాడు నేను లేను. దానికి తొమ్మిదేండ్లు వచ్చినయి గని, సెలవుల మీద పోయిన దినాలన్ని కలిపినా అది నన్ను ఏడాది గూడ చూడలే. దాని లెక్కల బాపు అంటే ఫోన్ల కనబడే మొకం. నా కార్డు మీద హెల్పర్ అని ఉండె. మా కంపెనీల ఫోర్‌మన్ అయితేనే ఫ్లాటు ఇస్తరు, ఫ్యామిలీ వీసాకు కాగితాలు ఇస్తరు. హెల్పర్‌కు బంకు బెడ్డే గతి.

కరోనా అయిపోయి దేశాలన్ని తెరిచినంక, ఒకనాడు మా ముదీర్, అంటే మేనేజర్, నన్ను ఆఫీసుకు పిలిచిండు. ఆయన జపాన్ మనిషి, హిందీల నాలుగు మాటలు, ఇంగ్లీషుల నాలుగు మాటలు కలిపి మాట్లాడుతడు. "ఫిబ్రవరిల రెండు వారాలు జపాన్ పోవాలె," అన్నడు. "కొండలల్ల మా పాత ఫ్యాక్టరీ ఉంది. ఆడ నేర్పే ఆయన నీ గురించి ఉత్తరం రాసిస్తడు. ఉత్తరం మంచిగుంటే నువ్వు ఫోర్‌మన్. నీ ఫ్యామిలీ వస్తది."

"మంచిగ లేకుంటే సార్?"

"ఇప్పుడెట్లున్నవో అట్లనే ఉంటవ్," అన్నడు. ఆ మనిషి అబద్ధం ఆడడు, అదే నాకు బుగులు.

మా ఇంటామెకు ఫోన్ చేసి చెప్పిన. "ఇప్పుడే బిడ్డకు చెప్పకు," అన్న. చెప్పనని మాట ఇచ్చింది. మాపటికల్ల బిడ్డ ఫోన్ గుంజుకొని "బాపూ, దుబాయ్‌ల బడి మన ఇంటికి దగ్గర్నే ఉంటదా?" అని అడిగింది. ఇంకా ఇల్లే లేదు, బడి ఎక్కడిది తల్లీ అని నా నోట్లకెల్లి రాలే. "ఉంటది," అన్న. అన్ననా, ఇగ ఆ ఉత్తరం నా నెత్తి మీద కూసున్నది.

నాతోని మెషిన్ షాపుల పనిచేసే కడప భాయ్‌ని గూడ పంపిండ్రు. భాయ్ నా కంటె ఆరేండ్లు చిన్న, నోరు మటుకు నాకంటె పెద్దది. ఇద్దరం దుబాయ్‌లనే సత్వా బజారుకు పోయి చలికోట్లు కొన్నం. బయట షర్టు తడిసే ఎండ, దుకాణంల మేము ఉన్ని టోపీలు పెట్టుకొని అద్దంల చూసుకుంటున్నం. దుకాణపాయన నవ్వి నవ్వి కూలబడ్డడు. "నవ్వులే నవ్వు," అన్నడు భాయ్, "మంచులో సచ్చిపోతే ఈ కోటుతోనే పంపిస్తారు మమ్మల్ని."

జపాన్ల దిగి, పెద్ద రైలు, దాని తర్వాత చిన్న రైలు ఎక్కినం. చిన్న రైలు రెండే డబ్బాలు, కొండల నడిమిట్ల మెల్లగ పోతుంది. కిటికీలకెల్లి చూసి నేను నోరు తెరిచిన. ఈ పంపుల కంపెనీకి రాకముందు, దుబాయ్ వచ్చిన కొత్తల మూడేండ్లు ఫుజైరాల రాళ్ల క్రషర్ మీద పనిచేసిన. ఆడ కొండ అంటే పేల్చేది, పలగొట్టేది, లారీల నింపేది. ఒంటి మీద చెట్టు లేని రాయి. ముక్కుల దుమ్ము, చెవుల మోత. కొండ అంటే నాకు కంకర, గంతే. ఈడ కొండ మీద కొండ, దాని మీద చెట్లు, చెట్ల మీద మంచు. ఎవ్వలు తవ్వుతలేరు. లారీ లేదు, మోత లేదు. రైల్ల ఒక ముసలాయన అద్దం తుడుచుకొని అట్ల చూసుకుంట కూసున్నడు. ఊకె చూసేటందుకు కొండలు ఉంటయని నాకు గా రైల్లనే తెలిసింది.

మేము దిగిన ఇల్లు చెక్కతోని కట్టిన పాత వసతి గృహం. అయిదు రూములు. దాన్ని నడిపేది ఒక్క ముసలామె. డెబ్బై దాటినయి, మనిషి బక్కగ ఉంటది గని మెట్లు మాకంటె జోరుగ ఎక్కుతది. నేను ఆమెను మొదటి దినం నుంచే "అవ్వా" అనే పిలిచిన. ఆమెకు తెలుగు రాదు, నాకు జపాన్ రాదు, అయినా పిలిస్తే పలికేది. ఫోన్ల మాట నొక్కితే అటు ఇటు తర్జుమా అయితుండె, సగం పని చేతులతోనే అయితుండె.

ఆ ఇంట్ల తానం చేసే రూముల పెద్ద చెక్క తొట్టి. కొండలకెల్లి వచ్చే వేడినీళ్ల ఊట పైపుల పట్టుకొచ్చి దాంట్ల ఇడిచిపెట్టిండ్రు. దినమంత వస్తనే ఉంటయి, తొట్టి నిండి కిందికి పోతనే ఉంటయి. మొదటి దినం అది చూసి నాకు పానం పోయినట్టయింది. తొట్టిల కూసున్నా సుఖం లేదు, చెవులన్ని ఆ పారే నీళ్ల మీదనే. "న్నా," అన్నడు భాయ్, మెడ దాక మునిగి, "దీన్ని గూడా మూసేస్తావా ఏంది? మూస్తే కొండ పగులుతాది సూడు." నాకూ నవ్వొచ్చింది.

ఫ్యాక్టరీల మాకు నేర్పే ఆయన అరవై దాటిన మనిషి. నేను ఉస్తాద్ అన్న, ఆయన గూడ ఆ పిలుపుకు ఒప్పుకున్నడు. ఇంగ్లీషు తక్కువ, మాటలే తక్కువ. ఏ మిషన్ కాడికి పోయినా ముందుగాల చేతులు వెనుకకు కట్టుకొని చూడుమంటడు. పది నిమిషాలు కాదు, గంట. "మొదలు చూడు. చెయ్యి తర్వాత." దినానికి పదిసార్లు ఇదే మాట. నాకేమో చెయ్యి దురద. రెండో దినం ఒక నట్టు వదులుగ కనబడితే పానా తీసుకొని బిగిచ్చిన. అది కావాల్నని వదులుగ పెట్టిన నట్టట. ఉస్తాద్ జేబులకెల్లి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నడు. నా ఫ్లాటు, నా బిడ్డ బడి, అన్నీ ఆ అరచెయ్యంత పుస్తకంలనే ఉన్నయాయె.

ఆ వారమంతా నోరు మూసుకొని, చేతులు కట్టుకొని పనిచేసిన. శనివారం పోయేటప్పుడు ఉస్తాద్ "రేపు సెలవు. ఎండ కాస్తది. మిమ్ముల కొండ మీదికి తీసుకపోతా," అన్నడు. నాకు సంబురమైంది. నట్టు సంగతి మర్చిపోయిండు కావచ్చు అనుకున్న.

ఆ శనివారం మాపటికి చలి దిగింది. మామూలు చలి కాదు, ముక్కుల వెంట్రుకలు గూడ గట్టిపడ్డయి. అన్నం తిన్నంక బ్రష్ పట్టుకొని వరండ చివరకు పోయిన. ఆడ గోడకు వరుసగ మూడు నల్లాలు ఉంటయి. మూడు నల్లాలల్ల నీళ్లు కారుతున్నయి. దారం అంత సన్నగ, తెగకుంట. వారమంత లేంది ఇయ్యాల మూడింటికి మూడు ఏం రోగమొచ్చింది అనుకున్న. పైన గోడకు ఒక కాగితం అతికిచ్చి ఉంది, జపాన్ అక్షరాలు. ఫోన్ తీసి దాని మీద పెడితే అర నిమిషంల చదివి పెట్టేది. ఫోన్ రూముల ఉండె. ఎవరు పోతరని నా ఒళ్లు బద్ధకం.

మూడు బంద్ చేసిన. నా చెయ్యి మామూలు చెయ్యా, పదకొండేండ్లు పంపులు బిగిచ్చిన చెయ్యి. ఒక్క చుక్క రాకుంట బిగిచ్చి, వేలుతోని తడిమి, చెమ్మ లేదని చూసుకొని, ముసలామెకు సాయం చేసిననని మంచిగ పోయి పండుకున్న.

పొద్దున మొకం కడుక్కుందామని పోతే నీళ్లు లేవు. ఒకటి తిప్పిన, రెండోది తిప్పిన, మూడోది తిప్పిన. గాలి సప్పుడు గూడ లేదు. క్యాంపుల అయితే ట్యాంకర్ రాలేదనుకుంటం, ఈ కొండల ట్యాంకర్ ఎక్కడిది? అట్ల బ్రష్ పట్టుకొని నిలవడ్డ. జరసేపటికి ఎండ గోడ మీదికి వచ్చింది. గోడ వెనుక ఠప్పుమని సప్పుడు, దాని ఎంబడే నీళ్లు చిమ్మే సప్పుడు. చెక్క సందులకెల్లి నీళ్లు వరండలకు రావట్టినయి.

పైపుల పని చేసేటోన్ని, నాకు ఎవ్వలు చెప్పే పని లేదు. నీళ్లు గడ్డకడితే ఉబ్బుతయి, ఇనుప పైపునైనా చీలుస్తయి. కదిలే నీళ్లు గడ్డ కట్టవు. అందుకే ఆమె దారమంత నీళ్లు ఇడిచిపెట్టింది. అందుకే! అప్పటికే భాయ్ తన ఫోన్ తెచ్చి గోడ మీది కాగితం ముంగట పెట్టిండు. "సదువు న్నా," అన్నడు మెల్లగ. చలి ఎక్కువున్న దినాలల్ల ఈ నీళ్లు దయచేసి ఆపకండి అని ఉంది.

అవ్వ తువ్వాలలు, బకెట్ పట్టుకొని ఉరికొచ్చింది. మెయిన్ వాల్వు కట్టేసింది. ఇంతల ఆమె మరిది వచ్చిండు, ఆ ఊర్ల ప్లంబర్ ఆయననే. గోడ పలక తీసి, చీలిన పైపు చూసి, ఆమె మీద ఒర్లుడు మొదలుపెట్టిండు. గప్పుడే ఉస్తాద్ కారు వచ్చి ఆగింది, మమ్ముల కొండ మీదికి తీసుకపోదామని. లోపటికొచ్చి చూసిండు. ఏమంటుండు ఉస్తాద్ ఆయన, అని నేనే అడిగిన. అడగకపోయినా అయిపోతుండె.

"నీళ్లు ఇడుసుడు మర్చిపోయినవ్ అంటుండు," అన్నడు ఉస్తాద్ గొంతు తగ్గిచ్చి. "పోయిన నెల పొయ్యి బంద్ చేసుడు గూడ మర్చిపోయిందట. నీకు మతిమరుపు వచ్చింది, ఎండకాలం వచ్చేసరికి ఈ వసతి ఇల్లు మూసెయ్యి, ఇగ నీతోని కాదు అంటుండు."

అవ్వ తలకాయ వంచుకొని "తెరిచిన అనుకున్ననే, తెరిచిన అనుకున్ననే" అని తనకు తనే అనుకుంటుందట. తర్వాత మా ఇద్దరి దిక్కు తిరిగి నడుం దాక వంగింది. పొద్దున్నే నీళ్లు లేకుంట చేసినందుకు మాపు అడుగుతుంది. నన్ను! పైపు పలగొట్టిన నన్ను ఆమె మాపు అడుగుతుంది.

నా నోరు తెరుచుకునేదే. భాయ్ నా చెయ్యి పట్టి నలిపిండు. "మూసుకొని ఉండు న్నా," అన్నడు చెవుల. "ఎవురూ సూళ్లేదు. ఆయప్ప పుస్తకంలో రాసుకుంటే నీ ఫ్యామిలీ వీసా ఖలాస్. పాప మొగం గుర్తు చేసుకో." భాయ్ చెడ్డోడు కాదు, నా మంచికే చెప్పిండు. ఫుజైరాల మా రూముల ఒకడు, లోడర్ బండిని గోడకు తగిలిచ్చింది నేనే అని తనంతల తనే చెప్పిండు. వారం తిరగకుంటనే వాన్ని ఫ్లైట్ ఎక్కిచ్చిండ్రు. అందుకే దుబాయ్‌ల అందరం నేర్చుకున్న మొదటి పాఠం అదే. నేను కాదు, నాకు తెల్వది, నేను చూడలే. నేను గూడ నోరు మూసుకున్న.

అవ్వనే మమ్ముల తోలేసింది. ఇసొంటి ఎండ మళ్ల రాదు, పోయి కొండలు చూసి రాండ్రి అని చేతులతోని కారు దిక్కు చూపిచ్చింది.

రోప్‌వే డబ్బాల కూసోబెట్టి మమ్ముల మీదికి గుంజిండ్రు. మీద దిగితే, ఏం చెప్పాలె! సుట్టూతా తెల్లటి కొండలు, ఒక దాని వెనుక ఒకటి, కన్ను ఎంత దూరం పోతే అంత దూరం. ఆకాశం నీలం రంగు వేసినట్టు. భాయ్ చిన్నపోరని లెక్క మంచుల దునుకుతుండు, ఫోటోలు దిగుతుండు. జపానోళ్లు ఆడోళ్లు మొగోళ్లు కొండల దిక్కు మొకం పెట్టి మాటలు బంద్ చేసి నిలవడ్డరు. నాకు ఏమీ కనబడుతలేదు. ఎటు చూసినా వంగిన ముసలామె నడుమే. బిడ్డ మొకం గుర్తు చేసుకోమన్నడు గదా భాయ్, గుర్తు చేసుకున్న. బడి దగ్గర్నే ఉంటదా బాపూ అన్న గొంతు యాదికొచ్చింది. ఇటు బిడ్డ ఇల్లు, అటు అవ్వ ఇల్లు. ఆమె ఇల్లు మూసేపిచ్చి నా ఇల్లు తెరుసుకోవాల్నా అనిపిచ్చింది. ఛీ, నీ బతుకు, అని నన్ను నేనే తిట్టుకున్న.

ఉస్తాద్ మిషన్లకెల్లి మూడు వేడి కాఫీ డబ్బాలు తీసుకొచ్చి నాకొకటి ఇచ్చిండు. అది పట్టుకొని, ఆయన మొకం చూడకుంట, కొండల దిక్కే చూసుకుంట చెప్పేసిన. "ఉస్తాద్, అవ్వ మర్చిపోలే. మూడు నల్లాలు తెరిచింది. నేను బంద్ చేసిన. నేనే." నా ఇంగ్లీషు ఎంతనో గంతే, అయినా అర్థమైంది.

ఆయన కాఫీ డబ్బా ఖాళీ అయ్యేదాక మెల్లగ తాగిండు. నాకు ఆ సేపు ఒక దినమంత అనిపిచ్చింది. డబ్బాను చెత్తల వేసి వచ్చి, "నాకు కాదు," అన్నడు. "ఆమెకు చెప్పు. నడువు."

భాయ్‌కి సంగతి తెలిసి నెత్తి కొట్టుకున్నడు. "నీకు పిచ్చి పట్టింది న్నా," అన్నడు.

మేము వచ్చేసరికి మరిది చీలిన ముక్క కోసి, కొత్త పైపు కొసకు బిగింపు మరలు తీసుకుంట కూసున్నడు. అవ్వ వరండ తుడుస్తుంది. పోయి ఆమె ముంగట వంగిన, ఆమె వంగినంత. ఉస్తాద్ పక్కన నిలవడి ఒక్కొక్క మాట జపాన్ల చెప్పిండు. మా కాడ నీళ్లకు కరువు అవ్వా, నల్లా కారితే నాకు ఆగదు, కాగితం చదువలే, నేనే బంద్ చేసిన. తప్పు నాది.

ఆమె తువ్వాల చేతుల పట్టుకొని నా దిక్కు చూసింది. ఏదో అడిగింది. "నేను తెరిచిననా అని అడుగుతుంది," అన్నడు ఉస్తాద్.

"తెరిచినవ్ అవ్వా. మూడు తెరిచినవ్."

మళ్ల అడిగింది. మళ్ల చెప్పిన, మూడు వేళ్లు చూపిచ్చి. ఆమె అట్లనే మెట్టు మీద కూలబడి, తువ్వాలల మొకం పెట్టుకున్నది. అయ్యో, ఏడుస్తుంది అనుకున్న. భుజాలు ఊగుతున్నయి. తువ్వాల తీస్తే చూద్దును గదా, నవ్వుతుంది. కండ్లల్ల నీళ్లు కారుతున్నయి, నోరు నవ్వుతుంది. పైపు పలిగితే పలిగింది, మతి పోలేదు! పొద్దటిసంది ఆమె కుమిలింది పైపు కోసం కాదు. తన మతి పోయిందనే బుగులుతోని ఇల్లంతా తుడుస్తుంది పాపం. ఆ బుగులు నేను పెట్టిందే, నేనే తీసిన.

ఆ తర్వాత లేచి, మరిది దిక్కు తిరిగి అందుకున్నది. అబ్బో! బక్క మనిషిల అంత గొంతు ఎక్కడ దాచుకుందో. ఆయన పానా పట్టుకొని తల వంచుకొని కూసున్నడు. ఉస్తాద్ ఆ మాటలకు తర్జుమా చెప్పలే, నాకు అవసరం గూడ పడలే. మా ఇంటామె గూడ కోపమొస్తే గట్లనే తిడుతది.

నేను కోటు తీసి మరిది పక్కన కూసున్న. ముందుగాల చేతులు కట్టుకొని చూసిన. పైపు ఎటు వంగింది, మర ఎన్ని సుట్లు, అన్ని చూసినంక చెయ్యి చాపిన. ఆయన జరసేపు నన్ను కిందికి మీదికి చూసి, పానా నా చేతుల పెట్టిండు. ఇద్దరం కలిసి బిగిచ్చినం. నీళ్లు ఇడిచి, కొత్త జాయింటు వేలుతోని తడిమిన. చెమ్మ లేదు. ఆయన గూడ తడిమి, నా ఈపు మీద ఒక్కటి సరిచిండు. హమ్మయ్య అనిపిచ్చింది. వీసా సంగతి దేవుడెరుగు, ఆ పూట మటుకు నా పానం నిమ్మళమైంది. అన్నం రెండుసార్లు పెట్టిచ్చుకున్న.

ఆ మాపటి నుంచి అవ్వ నాకొక డ్యూటీ ఇచ్చింది. చలి ఎక్కువున్న దినం నన్ను ఎంబడి తీసుకపోయి మూడు నల్లాలు నాతోనే తెరిపిచ్చేది. ఎక్కువ తెరిస్తే నా చేతి మీద చిన్నగ కొట్టేది. దారమంత, గంతే. నల్లా తెరిచి, కారుతుంటే చూసుకుంట, వదిలేసి వచ్చుడు నా బతుకుల మొదటిసారి. మొదటి దినం రూముకు పోయినంక గూడ చెవులు అటే ఉండె. మూడో దినానికి ఆ సప్పుడు వింటనే నిద్ర పట్టింది. పొద్దున లేచి వాకిట్ల నిలవడితే, ఎదురుంగ కొండలు ఎండల తెల్లగ మెరిసేవి. ఇగ గప్పుడు చూసిన ఆ కొండలను, కడుపు నిండ.

వచ్చేటప్పుడు ఉస్తాద్ అంటించిన కవరు నా చేతుల పెట్టిండు. ముదీర్‌కు ఇయ్యి అన్నడు, గంతే. విమానంల దాన్ని అంగి లోపల పెట్టుకొని కూసున్న. భాయ్ "జర కొసన చింపి సూద్దాం న్నా, ఎవురికి తెలుస్తాది" అన్నడు. నేను చూసిన చూపుకు మళ్ల అడగలే.

ముదీర్ కవరు విప్పి చదివిండు. చిన్న కాగితమే. ఒకసారి చదివి, మళ్ల ఒకసారి చదివి, కండ్లద్దాలు తీసిండు. "రెండే మాటలు రాసిండు," అన్నడు. "ఇతను చూడకముందే చెయ్యి పెడతడు. కాని చెయ్యి పెట్టింది దాచడు." కాగితం బల్ల మీద పెట్టి, "చూసుడు నేర్పొచ్చు, రెండోది నేర్పలేం అని కింద రాసిండు," అన్నడు. ఆ తర్వాత కుర్చీ ముందుకు జరుపుకొని, "ఇంతకు, దేని మీద చెయ్యి పెట్టినవ్?" అని అడిగిండు. నల్లా కథ మొత్తం చెప్పిన. ముదీర్ అంత గట్టిగ నవ్వుడు షెడ్డుల ఎవ్వలు ఇనలే. నా కార్డు మారింది.

బడులకు సెలవులిచ్చినంక, ఎండకాలంల మా ఇంటామె, బిడ్డ వచ్చిండ్రు. ఎయిర్‌పోర్టుల బిడ్డ నన్ను కిందికి మీదికి చూసి, "ఫోన్ల పెద్దగ కనబడుతవ్ బాపూ, ఇంత పొట్టిగున్నవేంది?" అన్నది. నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వక దాన్ని ఎత్తుకున్న. మొదటి దినమే ఇద్దరికి నల్లాల సంగతి చెప్పిన. ఈడ ఎండకాలం అంత ఉల్టా. మిద్దె మీది ట్యాంకు ఎండకు కాగుతది, చల్లనీళ్ల నల్లా ముట్టుకుంటే చెయ్యి కాలుతది. గీజర్ బంద్ చేసి ఉంచి వేడినీళ్ల ఎర్ర నల్లా తిప్పాలె, ఇంట్ల నీడకు గీజర్ల చల్లబడ్డ నీళ్లు అండ్ల వస్తయి. మా ఇంటామె "ఇదేం దేశమయ్యా" అని నెత్తి కొట్టుకున్నది.

నాలుగైదు దినాలకు, డ్యూటీ నుంచి వచ్చి తలుపు తీసిననో లేదో, వంటింట్ల నల్లా కారే సప్పుడు. ఆడ ఎవ్వలు లేరు. పదకొండేండ్ల క్యాంపు నోరు ఊకుంటదా? "ఎవ్వల్రా నల్లా ఇడిచిపెట్టింది!" అని ఒర్రిన. ఒర్రినంక నాలుక కరుసుకున్న. ఎన్ని దినాలకో వచ్చిన బిడ్డ, బాపు అంటే ఇట్ల ఒర్రెటోడా అనుకుంటది గదా.

లోపటి రూములకెల్లి బిడ్డ ఉరికొచ్చింది. నా మొకంలకు చూసి, "నేనే బాపూ," అన్నది. "గ్లాసు కడిగి మర్చిపోయిన."

నేనే. జర గూడ ఆలోచించలే. నా దిక్కు చూసి భయపడలే. ఆ ఒక్క మాట అననీకి నేను దేశం దాటి, మంచు కొండ మీద నిలవడి, చలికి కాదు భయానికి వణికిన. నా బిడ్డ వంటింటి గడపల నిలవడి అలవోకగ అనేసింది. నాకు కండ్లల్ల నీళ్లు వచ్చినయి, దాచుడెందుకు. ఏమైంది బాపూ అన్నది. ఏం లేదు బిడ్డా, నువ్వు మంచిగ చెప్పినవ్ అన్న. నల్లా అది తిప్పితే సగమే తిరిగింది, చేతిల బలం లేదు. దాని చెయ్యి మీద నా చెయ్యి పెట్టి, ఇద్దరం కలిసి బంద్ చేసినం.